మామ అక్షరాలకు లైసెన్సు

మా మేనమామ చేవెళ్లలో బోర్డులు రాసే పెయింటర్. ట్రాక్టర్ ట్రాలీల మీద పేర్లు, ఎన్నికలప్పుడు గోడల మీద నినాదాలు, ఎరువుల దుకాణాల బోర్డులు, అన్నీ ఆయన చేతి మీదుగా వచ్చినవే. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గింది గానీ, ఆయన అక్షరంలోని నడక ఏ ఫ్లెక్సీలోనూ లేదు. నేను గండిపేట దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మొయినాబాద్ నుంచి స్కూటీ మీద వెళ్లివస్తూ ఆయన రాసిన బోర్డు కనబడితే చాలు, ఆగి ఫొటో తీసేదాన్ని. ఏడాది పాటు ఆ ఫొటోలు చూసి గీసి గీసి ఒక ఫాంట్ తయారు చేశాను. ఎవరైనా ఉచితంగా వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టేసి, ఆ రోజు బిర్యానీ తెప్పించుకుని తిన్నాను కూడా.

వారం తిరక్కుండా, పిల్లల పుస్తకాలు వేసే ఒకావిడ మెయిల్ రాసింది. "అక్షరాలు ముద్దొస్తున్నాయి. కానీ నాలుగు ఫైళ్లున్నాయి, నాలుగింటి పేరూ ఫైనలే. ఏది తీసుకోవాలి? పుస్తకంలో వాడుకోవచ్చని ఎక్కడా రాయలేదు. ఇంతకీ ఈ రాత ఎవరిది?"

ఆ చివరి ప్రశ్న దగ్గర దొరికిపోయాను. మామ పేరు ఎక్కడా పెట్టలేదు. అసలు మామకు చెప్పనేలేదు. అడిగితే కాదనడులే అని నాకు నేనే అనేసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే చేవెళ్ల వెళ్లాను. ఇంటి ముందు ఒక ట్రాలీకి పేరు రాస్తున్నాడు. సంగతంతా చెప్పాను. బ్రష్షు ఆపకుండానే విన్నాడు.

"అంటే ఎవలైన తీసుకోవచ్చు. మార్చుకోవచ్చు గూడనా?"

"మార్చుకోవచ్చు మామా. కని మార్చినంక దానికి మన ఫాంట్ పేరు పెట్టొద్దని లైసెన్సుల రాస్త."

"తప్పకుండ రాయి. ఎవడో ఖరాబ్ చేసి నా పేరు మీద తిప్పితే ఇజ్జత్ పోతది."

"నిన్ను అడగకుండ చేసిన. కోపమొచ్చిందా?"

"జర వచ్చింది. ముందుగాల ఆ ఫోన్ చూపియ్యి."

కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో అక్షరం చూశాడు. "గీ 'ఝ' ఎవలు రాసిండ్రు?"

"నేనే. ఏ బోర్డు మీద దొర్కలే."

"తెలుస్తనే ఉన్నది. కడుపునొప్పి లేసినట్టున్నది."

లోపల్నుంచి అత్త పకపకా నవ్వింది. ఆ మధ్యాహ్నం పాత క్యాలెండర్ కాగితాల వెనక, ఏ దుకాణమూ ఎన్నడూ అడగని అక్షరాలన్నీ మామ రాసిచ్చాడు.

తర్వాత చాలా ఆదివారాలు ఫైళ్లన్నీ సర్దడానికే పట్టాయి. మామ రాతలూ నా గీతలూ ఒక ఫోల్డర్‌లో పెట్టాను, వాడుకునే ఫైలు ఒక్కటే మరో ఫోల్డర్‌లో. లైసెన్సు పూర్తిగా చేర్చాను. ఏ మార్పు ఎందుకు చేశామో రాసుకుంటూ వచ్చాను. ఫాంట్‌లో తప్పులు చెప్పడానికి ఇంటర్నెట్‌లో అందరికీ కనబడే జాబితా తెరిస్తే, మొదటి ఫిర్యాదులన్నీ మామవే. ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. కర్తల పేర్లలో ముందు ఆయన పేరు రాశాను.

ఒకరోజు ఆ పుస్తకాలావిడే ఒక సవరణ పంపింది. "స్త్రీ" అని రాస్తే కింది ఒత్తులు తర్వాతి వరుసకు తగులుతున్నాయట. ఒక ఒత్తును కాస్త చిన్నది చేసి పక్కకు జరిపింది. మామకు చూపించాను. చాలాసేపు చూశాడు.

"ట్రాలీ మీద జాగ లేకుంటే నేను గిట్లనే జరుపుత. ఆమెకెట్ల తెల్సింది? మంచిగున్నది, పెట్టెయ్యి."

పెట్టేశాను. కర్తల్లో ఇప్పుడు మామ పేరు, నా పేరు, ఆమె పేరు. ఆయన ఇంతవరకూ ఆమెను చూడలేదు గానీ "మన పుస్తకాల బిడ్డ" అంటాడు.

ఇప్పుడెవరో ఇదే రాతలో లావు అక్షరాలు కావాలని అడిగారు. మామ వెడల్పాటి బ్రష్షులు కొనుక్కొచ్చి వరండా నిండా కాగితాలు ఆరబెట్టాడు. మొన్న నేను వెళ్లేసరికి అత్త నీళ్ల చెంబు పట్టుకుని గడపలోనే నిలబడి ఉంది.

"ఎటు చూసినా 'క'లే. ఎక్కడ అడుగు పెట్టాలె బిడ్డా?"