అసిరమ్మ చుట్ట మానేశాక

అసిరమ్మ అడ్డపొగ మొదలుపెట్టింది పెళ్ళికి ముందే. నేర్పినావిడ సొంత అమ్మమ్మ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పుకుని, పెదాలు బిగించి, పొగంతా లోపలే తిప్పడం: అదీ అడ్డపొగ. నౌపడ దగ్గర సముద్రపు గాలికి నిప్పు నిలవదు గనుక ఆడవాళ్ళు ఈ ఉపాయం కనిపెట్టారని కొందరంటారు. మొగుళ్ళ కంట పడకుండా కాల్చుకోడానికని మరికొందరంటారు. అసిరమ్మకు గాలన్నా మొగుడన్నా భయం లేదు కాబట్టి ఈ రెండు కారణాలూ ఆమెకు వర్తించవు. నోట్లో నిప్పు పెట్టుకునే నాట్లు వేసింది, వరి కోసింది, పిల్లల్ని పెంచింది. గట్టు తగువుల్లో సగం ఊరి నోరు మూయించింది. ఆ అరుపుల్లో కూడా చుట్ట జారి కింద పడ్డం ఎవరూ చూడలేదు.

యాభై దాటాక ఒకనాడు ఊరి బడిలో పళ్ళ డాక్టర్లు శిబిరం పెట్టారు. ఊరికే పేస్టు ఇస్తున్నారని తెలిసి అసిరమ్మ కూడా వెళ్ళింది. పడుచు డాక్టరమ్మ నోరు తెరవమని టార్చి వేసి చూసి, మిగతా డాక్టర్లను కేకేసింది. నలుగురూ వరసగా వంగి చూశారు. అసిరమ్మకు కాస్త గర్వం కలిగింది.

"అంత బాగున్నాదేటమ్మా?" అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. "అమ్మా, మీ అంగిలి కట్టెల పొయ్యి మీద చూరులా ఉంది. తెల్ల మచ్చలు కూడా ఉన్నాయి. పరీక్ష చేయించాలి" అంది.

పట్నం పంపించి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. ఫలితం వచ్చేదాకా అసిరమ్మ చుట్ట ముట్టలేదు. ముట్టడానికి ధైర్యం చాలలేదు. కాన్సరు కాదనీ, మానకపోతే కాకుండా ఉంటుందని ఎవరూ చెప్పలేరనీ తేలింది. ఇంటికొచ్చి చుట్టల కట్ట తీసి పొయ్యిలో పడేసింది. పొగ ఇల్లంతా కమ్ముకుంటే మొగుడు దాలయ్య దగ్గుకుంటూ బయటికి పరిగెత్తాడు. అసిరమ్మ మాత్రం పొయ్యి పక్కనే కూర్చుని గుండెల నిండా పీల్చి, "ఇది నెక్కలోకి రాదు" అంది.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది.

ఓ మధ్యాహ్నం వంకాయ పులుసు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉమ్మేసింది.

"ఇదేటి! ఉప్పు మడిలో ముంచి తీసినట్టున్నాది!"

దాలయ్య తలెత్తకుండా తింటూ, "రోజూ ఒండీదే గదే" అన్నాడు.

"ఇన్నేళ్ళూ ఇలగే ఒండీనానా?"

"ఇంతకంటే గట్టిగానే ఒండీదానివి. ఈమధ్యే నయం."

"మరొక్కపాలైనా సెప్పలేదేటయ్యా?"

"నోట్లో నిప్పెట్టుకున్న మనిసికి ఉప్పెక్కువైందని ఎవుడు సెప్తాడే?"

అసిరమ్మకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళిళ్ళలో తన చేతి పులుసు వడ్డించినప్పుడు చుట్టాలు చెంబులకు చెంబులు మంచినీళ్ళు ఎందుకు తాగేవారో ఇప్పుడు అర్థమైంది. ఆ పరువంతా తిరిగి సంపాదించాలని నడుం కట్టింది. ఆవ పెట్టి పనసపొట్టు వండింది, ఎండు రొయ్యలు వేసి వంకాయ వండింది, నువ్వులు నూరి పచ్చళ్ళు చేసింది. నాలిక కొత్తగా పనిలోకొచ్చింది కాబట్టి దానికి ప్రతిదీ చూపించాలి. పొయ్యి మీదుండగా ఒకసారి, దింపాక ఒకసారి, చల్లారాక ఇంకోసారి. వండినదాంట్లో మూడో వంతు రుచి చూడ్డంలోనే పోయేది. తర్వాత భోజనం మామూలే.

ఇది చాలదన్నట్టు చెయ్యి ఊరుకునేది కాదు. చుట్ట దోపుకునే రొంటిలో ఇప్పుడు జీడిపలుకులు, వేయించిన పల్లీలు, బెల్లం ముక్క కాపురం పెట్టాయి. నోరు ఆడుతూనే ఉండాలి, ఏదో ఒకటి పడుతూనే ఉండాలి.

ఏడాది తిరక్కుండా ఒళ్ళు వచ్చింది. జాకెట్లు కుట్టే బిందు పాత జాకెట్లన్నీ తిప్పి చూసి, "ఇంక కుట్లు ఇప్పడానికి లోపల గుడ్డ నేదప్పా" అని చేతులెత్తేసింది. ధాన్యం తూచే మిల్లు కాటా మీద కూర్చుంటే, మిల్లాయన ధర్మేంద్ర ముల్లు చూసి, "ఇంకో కుంచెడు గింజలు తిన్నావంటే వడ్ల బస్తా నిండిపోద్ది" అన్నాడు. వెదురు బద్దలాంటి దాలయ్యకు కూడా చెంపలొచ్చాయి. అతను ఏ అలవాటూ మానలేదు. అసలు జన్మలో చుట్ట ముట్టిన మనిషి కాదు. భార్య మానేసిన ఫలితం ఇతనికి అంటుకుంది.

పక్కింటి ఈశ్వరి వరసకు అసిరమ్మకు వొదిన. ఆవిడా అడ్డపొగ మనిషే. ఒక సాయంత్రం అరుగు మీద చేరి, కొంగు ముడి విప్పి చుట్ట తీసి అసిరమ్మ చేతిలో పెట్టింది.

"ఆ డాక్టర్ల మాటిని ఒళ్ళు పెంచీసినావు వొదినా. ఒక్కటెలిగించు, ఆకలి సచ్చూరుకుంటాది. నెల్లాళ్ళలో సన్నబడిపోతావు."

అసిరమ్మ చుట్టను వేళ్ళ మధ్య దొర్లించింది. వాసన చూసింది. నోట్లో నీళ్ళూరాయి, మనసు నిజంగానే పీకింది. ఇంకాస్త ఉంటే అగ్గిపెట్టె అడిగేదే. అంతలో కళ్ళు ఈశ్వరి మీద పడ్డాయి. తల నుంచి కాళ్ళ దాకా తీరిగ్గా చూసింది. ఈశ్వరి నిలువునా ధాన్యం గాదెలా ఉంటుంది.

"నువ్వు పెళ్ళికి ముందు నించీ కాలస్తన్నావు గదా వొదినా?"

"కాలస్తన్నాను."

"మరి నువ్వెప్పుడు సన్నబడతావు?"

ఈశ్వరి చుట్ట లాక్కుని వెళ్ళిపోయింది. చాలా రోజులు ఆ అరుగెక్కలేదు.

మాటకు మాట బాగానే అంది గాని, మోకాళ్ళు ఆ హాస్యానికి నవ్వలేదు. గట్టెక్కితే ఆయాసం, కూర్చుంటే లేవడం కష్టం. చివరికి సిగ్గు విడిచి ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు ఉష దగ్గరికి వెళ్ళింది. ఉష ఆ ఊరి పిల్లే.

"పొగ మానీసినోళ్ళకి ఒళ్ళు రావడం మామూలే అప్పా" అంది ఉష. "ఆకలెక్కువవుతాది, రుచి తెలుస్తాది, సెయ్యి ఖాళీగా ఉండదు. ఒళ్ళొచ్చిందని మళ్ళీ సుట్ట పడితే మాత్రం ఉన్న నోరు కూడా పోద్ది. అలగని కూడు మానీకు. కడుపు కాలితే ముందు గుర్తొచ్చీది సుట్టే."

"మరేటి సెయ్యమంతావు?"

"రొంటిలో జీడిపలుకులు తీసీసి దోసకాయ ముక్కో జాంకాయో పెట్టుకో. పొద్దున్న సోడంబలి తాగు. మనసు లాగినప్పుడు గళాసుడు నీళ్ళు తాగు, ఓ గడియకి అదే పోద్ది. రోజూ గట్టిగా నడువు."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. ఊరికే నడవడమే."

అసిరమ్మకు అన్నిటికన్నా కష్టంగా తోచింది అదే. దోసకాయ తినొచ్చు, రాగి అంబలి తాగొచ్చు. తలమీద గంపా చేతిలో కొడవలీ లేకుండా రైతింటి ఆడమనిషి ఊరికే రోడ్డు మీద నడవడమేమిటి? మొదటిరోజు బయల్దేరగానే లక్ష్ముడనే రైతు పలకరించాడు. ఒళ్ళు తగ్గడానికని నిజమే చెప్పింది.

"అయితే మా సేలో కలుపు తియ్యి. ఒళ్ళూ తగ్గుతాది, కలుపూ పోద్ది" అన్నాడు లక్ష్ముడు.

మర్నాటి నుంచి అసిరమ్మ నిజం చెప్పడం మానేసింది. గేదె తప్పిపోయిందని ఒకరోజు చెబితే, పాపం నలుగురు కుర్రాళ్ళు మధ్యాహ్నం దాకా ఊరవతల తుప్పలన్నీ గాలించారు. గేదె ఇంటి వెనక కట్టుకొయ్య దగ్గర నెమరేస్తూనే ఉంది. చుట్టాలింట్లో పురుడంటే, ఎవరికని ఆరా తీశారు. చివరికొక పొద్దున్న ఉప్పు మళ్ళ పక్కన హద్దురాళ్ళు పాతిన బీడు దగ్గర ఆయాసం తీర్చుకుంటూ ఉండగా ఎవరో అడిగారు. నోటికొచ్చింది చెప్పింది.

"ఈ జాగా ఎలగున్నాదో సూస్తన్నాను."

అంతే. పొద్దుగూకేలోగా అసిరమ్మ స్థలం కొంటోందని ఊరంతా పాకింది.

తెల్లారేసరికి నరసింగరావు బండి మీద దిగాడు. టెక్కలిలో అతనికి బట్టల కొట్టుంది. కొట్టు కన్నా స్థలాల బేరాల మీదే మమకారమెక్కువ. తెల్ల చొక్కా, చొక్కా కన్నా ముందు నడిచే పొట్ట, వేళ్ళ మధ్య సిగరెట్టు.

"పిన్నీ, జాగా సూస్తన్నావంట."

కాదని చెప్పడానికే నోరు తెరిచింది అసిరమ్మ. ఇంతలో ఒక సంగతి తోచింది. ఒంటరిగా నడుస్తున్నప్పుడే చుట్ట మీదికి మనసు పోతోంది. పక్కన వాగే మనిషుంటే దారి తెలీదు.

"సూస్తన్నాను బాబూ. గాని నా కాళ్ళతో కొలిస్తేగాని నాను నమ్మను. ఆ సిగరెట్టు పారీ. నాను కొత్తగా మానీసినాను, ఆ వాసనొస్తే బేరం మీద మనసు నిలవదు."

నరసింగరావు సిగరెట్టు పారేశాడు. ఇద్దరూ హద్దులన్నీ చుట్టి వచ్చారు. మర్నాడు వాన నీరు ఎటు పారుతుందో చూడాలంది. ఆ తర్వాత పొద్దు ఏ మూల నుంచి పొడుస్తుందో చూడాలంది. ఇంకోరోజు, "టేసనుకి ఎంత దూరమో నడిసి సూద్దాం. మా త్రినాథుకి బండి నేదు గదా" అంది. నిజానికి పెద్దకొడుకు త్రినాథ్ నౌపడ స్టేషను దగ్గర సొంత ఆటో నడుపుతాడు.

మొదట్లో నరసింగరావు హద్దురాయి కనబడ్డ చోటల్లా కూలబడేవాడు. బేరం పోతుందన్న భయంతో మళ్ళీ లేచేవాడు. దారిపొడుగునా స్థలం గొప్పలు, పిల్లల చదువులు, భార్య కోపాలు, తన షుగరు, అన్నీ చెప్పేవాడు. అసిరమ్మ అతని చేతిలో జాంకాయ పెట్టి వినేది. కొన్నాళ్ళకు కూలబడ్డం మానేశాడు. ఇంకొన్నాళ్ళకు బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాడు. బేరం మాత్రం అంగుళం కదల్లేదు.

ఇక ఉండబట్టలేక ఒకరోజు మిఠాయి పొట్లం పట్టుకుని నేరుగా త్రినాథ్ ఆటో దగ్గరికి వెళ్ళి, బయానా ఎప్పుడిస్తారని అడిగాడు.

"జాగాయా? మాయమ్మా?" అన్నాడు త్రినాథ్. "మాయమ్మ ఒళ్ళు తగ్గడానికి నడుస్తన్నాది బాబూ!"

ఆటో స్టాండు మొత్తం ఘొల్లుమంది. మిఠాయి కూడా వాళ్ళే తినేశారు.

మర్నాడు నరసింగరావు మొహం కందగడ్డలా చేసుకుని వచ్చాడు.

"నన్ను ఎర్రోడ్ని సేసీసినావు పిన్నీ! కొంతానని సెప్పి ఇన్నాళ్ళు తిప్పుతావా?"

"కొంతానని నానెప్పుడన్నాను? సూస్తానన్నాను. సూపించినావు, సూసినాను. జాగా బాగున్నాది."

ఆ మొహం చూస్తే అసిరమ్మకు ఒక్క క్షణం జాలేసింది.

"తప్పు నాదే బాబూ, తిట్టు. గాని నడుస్తా తిట్టు. నిలబడితే సెమట ఆరిపోతన్నాది."

నరసింగరావు స్టేషను దాకా తిడుతూనే నడిచాడు. అక్కడ టీ కొట్టు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. చక్కెర లేని టీ రెండు గుక్కలు తాగాక కోపం దిగింది.

"మొన్న సుగరు సూపించుకున్నాను. బాగా తగ్గినాది. కొత్త మందేటి వాడతన్నావని డాక్టరడిగినాడు" అన్నాడు, ఎటో చూస్తూ.

"నువ్వేటి సెప్పినావు?"

"జాగా సూపిస్తన్నానని సెప్పినాను."

అసిరమ్మ టీ పొలమారేలా నవ్వింది. "అయితే కమీసను నాకు రావాలి గదా బాబూ!"

నరసింగరావు సిగరెట్లు పూర్తిగా మానలేదు. పొద్దుటి నడకలో మాత్రం ముట్టడు. ఎక్కడికని ఎవరడిగినా ఇప్పుడు అసిరమ్మ నిజమే చెబుతుంది, ఎవరూ నమ్మరు. నర్సు ఉష తూచి చూస్తే, వచ్చిన ఒంట్లో సగానికి పైగా దిగింది. మిగతాది దిగనంది, అసిరమ్మా దాన్ని పెద్దగా బతిమాలలేదు. ఎండు రొయ్యల వంకాయ కూర మానుకునే ఉద్దేశం ఆమెకు లేదు. చలికాలంలో పళ్ళ డాక్టరమ్మ మళ్ళీ టార్చి వేసి, మచ్చలు బాగా పలచబడ్డాయంది, ఇంకో ఆరునెలలకు రమ్మంది. ఆ సంతోషంలో బిందు దగ్గర ఎర్రవి రెండూ పచ్చవి రెండూ కొత్త జాకెట్లు కుట్టించుకుంది, ఊపిరాడేలా వదులుగా.

ఉప్పు మళ్ళ పక్క స్థలాన్ని నరసింగరావు ఈమధ్య ఒక రొయ్యల వ్యాపారికి అమ్మాడు. ఆయన్ని మాత్రం కారెక్కించి తీసుకెళ్ళి, అద్దంలోంచే చూపించి, ఆ పూటే బయానా పుచ్చుకున్నాడట.