నీళ్ళలోకి చూపిన బాణం

నిన్న మధ్యాహ్నం మా వీధిలో ఎవరో గేటుకు ఎనామిల్ రంగు వేయిస్తున్నారు. పద్మారావు నగర్‌లో ఆ వాసన ఇప్పుడు అరుదు. బోర్డులన్నీ ఫ్లెక్సీలైపోయాయి, గేట్లకేమో వాసన రాని రంగులొచ్చాయి. టర్పెంటైన్ ఘాటు ముక్కుకు తగలగానే కూరగాయల సంచీతో అక్కడే నిలబడిపోయాను. యాదగిరి ఉస్తాద్ గుర్తొచ్చారు. ఆయన పోయి మూడేళ్ళయింది. పోయినవాళ్ళు గుర్తొస్తే కళ్ళు చెమర్చాలంటారు, నాకేమో నవ్వొచ్చింది. రంగు వేస్తున్నతను తనను చూసే నవ్వుతున్నాననుకుని, బ్రష్ ఆపి నా వైపు అదోలా చూశాడు.

ఉస్తాద్‌ది రెజిమెంటల్ బజార్‌లో ఇరుకైన దుకాణం. చేత్తో బోర్డులు రాయడం ఆయన పని. డిగ్రీ అయ్యాక ఆఫీసు ఉద్యోగాల చుట్టూ తిరిగి విసిగి, అక్షరాలంటే ఉన్న పిచ్చితో ఆయన దగ్గర చేరాను. అప్పటికే అక్కడ ఇద్దరు పెయింటర్లు ఉండేవారు. ఆడపిల్ల దుకాణంలో కూర్చుని రాస్తే రాసింది గానీ బయటి పనులకు పనికిరాదని వాళ్ళ గట్టి నమ్మకం. ఉస్తాద్ వాళ్ళతో వాదించేవారు కాదు, నా చేతికి బ్రష్ ఇచ్చి ఊరుకునేవారు. ఆయనకో అలవాటుండేది. ఏ బోర్డు పూర్తయినా దాన్ని గోడకు ఆనించి, రోడ్డు దాటి అటు వెళ్ళి, ఏమీ తెలియనట్టు దాని ముందు నుంచి నడిచి వచ్చేవారు. నన్నూ నడిపించేవారు. ఎండాకాలంలో ఒకే బోర్డు ముందు నుంచి నాలుగుసార్లు నడిచి, "ఇదేం పని ఉస్తాద్?" అని విసుక్కున్నాను. "అక్షరం నువ్వు కూసోని రాస్తవ్ బిడ్డా. చదివేటోళ్ళు నడుసుకుంట పోతరు. జెర వాళ్ళ కాళ్ళతోని చూడు" అన్నారు. కాళ్ళతో చూడడమేమిటో నాకు అప్పుడు బొత్తిగా అర్థం కాలేదు.

ఓ చలికాలం కాకినాడ దగ్గరి మడ అడవి నుంచి ఒక పని వచ్చింది. సముద్రం ఒడ్డున కాపాడుకుంటున్న ఆ అడవిలో జనం తేలిగ్గా నడవడానికి మూడు కాలిబాటలు వేశారు. వాటికి దారి చూపే బోర్డులు కావాలి. పెద్ద వయసువాళ్ళూ పిల్లలూ వచ్చే చోటు కాబట్టి ప్రతి బాట ఎంత దూరమో, ఎంత సులభమో రాయాలి. ఉస్తాద్ ఇద్దరు పెయింటర్లనూ పక్కన పెట్టి నన్ను బయల్దేరమన్నారు. అది నా మొదటి బయటి పని. అందులో తప్పు జరిగితే ఇక జన్మలో దుకాణం గడప దాటనివ్వరని నాకు తెలుసు. తెల్లరంగు పూసిన పలకలను పాత దుప్పట్లలో చుట్టి రైలెక్కాం. పై బెర్తు పలకలకిచ్చి మేం కింద సర్దుకున్నాం. దారి పొడుగునా ఆయన ఎక్కే వాళ్ళకూ దిగే వాళ్ళకూ, "మా బిడ్డ రాస్తది, చాన మంచి చెయ్యి" అని నన్ను పరిచయం చేస్తూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆయన మోకాళ్ళ నొప్పి వల్ల గేటు దగ్గరే ఉండి గుంజలు పాతిస్తుంటే, నేనొక్కదాన్నే బాటలు చూడడానికి వెళ్ళాను. రెండు బాటలు చెట్ల మధ్య గట్టు మీద సాగుతాయి. మూడోది చక్కగా వాగు అంచు దాకా దిగుతుంది. గట్టి నేల, చల్లని గాలి, అటూ ఇటూ గాలిలోకి లేచిన మడ వేళ్ళు. ఎర్ర పీతలు నన్ను చూసి బొరియల్లోకి దూరుతుంటే నాలో నేనే నవ్వుకుంటూ ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చాను. అంతకు ముందు నేను సముద్రం చూసిందే లేదు. నాకు నీళ్ళంటే హుస్సేన్ సాగర్. అది పొద్దున ఎక్కడుంటుందో సాయంత్రమూ అక్కడే ఉంటుంది. ఆటుపోట్లనే మాట మనుషుల కష్టసుఖాల గురించి పేపర్లో చదవడమే గానీ, అవి నిజంగా నీళ్ళకుంటాయన్న ధ్యాసే రాలేదు. మూడో బోర్డు మీద నా చేతనైనంత అందంగా రాశాను: 'అందరికీ సులభం. ఇరవై నిమిషాలు.' బాట పొడుగునా బాణం గుర్తులు కూడా నిలబెట్టించాను.

సాయంత్రం ఐదింటికి ఉస్తాద్ మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుని, "పద బిడ్డా, నువ్వు రాసిన తొవ్వల నడుద్దాం" అన్నారు. పొద్దున నేను నడిచిన బాట సగం దూరంలోనే నీళ్ళలోకి దిగిపోయింది. అవతల మోకాలి లోతు నీళ్ళ మధ్య నా బాణం ఒకటి నిటారుగా నిలబడి, తిన్నగా వాగులోకి చూపిస్తోంది. మర్నాడు సాయంత్రమే మొదటి సందర్శకులు రావాలి, కాకినాడ నుంచి రిటైరైనవాళ్ళ బృందం. 'అందరికీ సులభం' అన్న నా మాట నమ్మి, కర్రలు పట్టుకుని ఆ పెద్దవాళ్ళు ఈ నీళ్ళలోకి దిగుతారు. ఉస్తాద్ మొహం చూడలేక తల దించుకున్నాను. ఆయన ప్యాంటు మడిచి, మెల్లగా నీళ్ళలోకి నాలుగడుగులు వేసి, బాణాన్ని పరీక్షగా చూశారు.

"అక్షరం మంచిగనే ఉన్నది. బాణం గూడ సక్కగున్నది. గని బిడ్డా, ఇది చేపలకు తొవ్వ చూపెడుతున్నది" అన్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నీళ్ళు కూడా ఆయనతో పాటు కదిలాయి. ఏడుపు తన్నుకొస్తున్నా నేనూ నవ్వేశాను, వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.

అడవికి కాపలా ఉండే సత్తిబాబు ఆ నవ్వులు విని వచ్చాడు. "పోటెక్కిందండి. ఓ మూడు గంటలాగితే నీళ్ళు తగ్గిపోతాయండి" అన్నాడు మామూలుగా. పొద్దున బోర్డు చూసి ఎందుకు చెప్పలేదని అడిగితే, "అందరికీ తెలిసిందే కదాండి అనుకున్నానండి" అని నొచ్చుకున్నాడు. ఉస్తాద్ వెంటనే తేల్చేశారు: "అయితే పరేషాన్ ఏముంది, ఐదు గంటలకు పోవద్దని రాద్దాం." ఈసారి నవ్వడం సత్తిబాబు వంతైంది. "రోజూ ఐదింటికే రాదండి. రోజుకో ముప్పావుగంట ఆలస్యమవుద్దండి." ఉస్తాద్ తన చెవులు పట్టుకుని, "ఇగో, నాకు సుత తెల్వదు. ఇద్దరం ఒక్క బడిల్నే ఉన్నం" అని నా వైపు చూశారు.

తెల్లారి నేనే పలక గీకి, మళ్ళీ తెల్లరంగు పూసి, ఆరాక రాశాను: 'నీళ్ళు తగ్గిన వేళ అందరికీ సులభం. నీళ్ళు ఎక్కిన వేళ ఇక్కడే కూర్చుని చూడండి.' రెండో వాక్యం ఉస్తాద్‌ది. రాసి ఊరుకోకుండా, సత్తిబాబు చేత రెండు దుంగలు తెప్పించి బోర్డు పక్కన వేయించారు. చేత్తో రాసే బోర్డుకు కింద మూల చిన్న అక్షరాల్లో ఉస్తాద్ పేరు రాయడం మా పనిలో పద్ధతి. శిష్యులు ఎంత రాసినా పేరు గురువుదే. నేను ఆయన పేరు మొదలుపెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నారు.

"నీ పేరు రాయి" అన్నారు.

"తప్పు రాసింది నేనే కదా ఉస్తాద్."

"దిద్దింది గూడ నువ్వే. రాయి."

నా పేరులో ఉన్నవి మూడే అక్షరాలు. వాటిని రాయడానికి నాకు పావుగంట పట్టింది.

సాయంత్రం పెద్దవాళ్ళు వచ్చేసరికి నీళ్ళు ఎక్కుతున్నాయి. చేతికర్రతో ముందు నడుస్తున్న ఒకావిడ బోర్డును పైకి చదివి, "బానే చెప్పారు, కూర్చోమన్నారు" అంటూ దుంగ మీద చతికిలబడింది. మిగతావాళ్ళూ ఒకరి పక్కన ఒకరు సర్దుకున్నారు. నీళ్ళు వేళ్ళ మధ్యకు పాకడం, చేపలు ఎగిరిపడడం, కొంగలు వాటి కోసం కాచుకోవడం చూస్తూ చిన్నపిల్లల్లా ఒకరికొకరు చూపించుకున్నారు. వాళ్ళ వెనక నిలబడ్డ ఉస్తాద్ మాత్రం నీళ్ళకేసి చూడలేదు. వాళ్ళు చదవడాన్నే చూస్తున్నారు. నాకు అంత సంతోషం అంతకు ముందు ఏ పనిలోనూ కలగలేదు.

ఇప్పుడు మారేడ్‌పల్లిలో నాకొక చిన్న దుకాణముంది. అక్షరాలు యంత్రమే కోస్తుంది. అయినా ఏ పార్కుకో ఆసుపత్రికో దారి చూపే బోర్డు చేయాల్సి వస్తే ముందు వెళ్ళి రెండుసార్లు నడుస్తాను, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రెండోసారి మా అమ్మను వెంట తీసుకెళ్తాను, ఆవిడ నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి. ఇంత చేసినా తప్పులు జరుగుతూనే ఉంటాయి. ఆ సాయంత్రం ఉస్తాద్ నన్ను తిట్టి ఉంటే, తప్పును ఎలా కప్పిపుచ్చాలో నేర్చుకునేదాన్ని. ఆయన తిట్టలేదు, నీళ్ళలోకి దిగి దాన్ని దగ్గర్నుంచి చూశారు. అందుకే ఎక్కడో పొరపాటు జరిగిందని ఫోనొస్తే ఇవాళ్టికీ నాకు ముందు దాక్కోవాలనిపించదు. చెప్పులు వేసుకుని, వెళ్ళి చూడాలనిపిస్తుంది.