పెద్ద తెరకు నాలుగు వేలు ఎక్కువా? పర్ణశాలలో రెండు కెమెరాల పరీక్ష

ఫోటోలు తీయడం కన్నా కెమెరాలు విప్పడమే నాకు ఎక్కువ సరదా. ఖమ్మంలో ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేసి బతికాను. ఎవరూ నేర్పలేదు, పెట్టెలో వచ్చే కాగితాలు చదివి నేర్చుకున్నాను. అందుకే ఇల్లందు బొగ్గుగనిలో పనిచేసే కొమురయ్య డిజిటల్ కెమెరా కొనాలనుకోగానే నా దగ్గరికి వచ్చాడు. వచ్చే నెలలో అతని రిటైర్మెంటు. ఆ తర్వాత పర్ణశాలలో యాత్రికులకు ఫోటోలు తీసి, పోస్టులో పంపి, ఇల్లు గడుపుకోవాలని ఆలోచన. దాచుకున్న డబ్బు ఒక్క కెమెరాకే వస్తుంది. తప్పుడుది కొంటే మళ్లీ కొనే దారి లేదు.

తెలిసిన కొట్టాయన ఒక్క రోజుకని రెండు కెమెరాలు చేతికిచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. ఆయన పెళ్లి పాటల క్యాసెట్టు టేపురికార్డరు నమిలేస్తే, రీలు తెగకుండా బయటికి లాగిన చెయ్యి ఇది. సరే, కెమెరాల సంగతి. ఒకటి ఎనిమిది వేలు. చిన్న తెర, పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది. రెండోది పన్నెండు వేలు. తెర పెద్దది, మెగాపిక్సెళ్లు ఎక్కువ, జూమ్ ఎక్కువ, ఛార్జింగు బ్యాటరీ.

ఉదయం ఐదున్నర బస్సుకు ఖమ్మంలో బయల్దేరాను. ఇల్లందు నుంచి వచ్చి కొమురయ్య కొత్తగూడెంలో ఎక్కాడు. తొమ్మిది దాటాక భద్రాచలం. బస్టాండు ఎదురు కొట్టులో "సెల్లులున్నయా?" అని అడిగాను.

"సెల్లు ఈడ పనిచేస్తది సార్. పర్ణశాల దిక్కు పోతే సిగ్నల్ ఉండదు" అన్నాడు కొట్టతను.

పెన్సిల్ సెల్లులని చెబితే అప్పుడు నవ్వి తీసిచ్చాడు. అక్కడి నుంచి పర్ణశాలకు షేర్ ఆటోలో మనిషికి ఇరవై రూపాయలు, గంటకు పైనే ప్రయాణం. ఆటో అతను మా మెడల వంక చూసి, "రెండు కెమెరలేంది పెద్దాయనా? రామయ్యకొకటి, సీతమ్మకొకటా?" అన్నాడు.

గోదావరి ఒడ్డున కొమురయ్య ముందు ఖరీదైనదే తీశాడు. ఒక కుటుంబాన్ని వరుసగా నిలబెట్టి నొక్కి, నీడలోకి పిలిచి తెర చూపించాడు. "మస్తుగొచ్చింది!" అని అందరూ మురిసిపోయారు. అడ్రసు అడిగాడు.

"చూసుకున్నం గద అన్నా, ఇగ కాయితమెందుకు?" అని ఆ ఇంటాయన పిల్లల్ని తోలుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి రెండు కుటుంబాలదీ అదే వరస. నాలుగో కుటుంబానికి చిన్న కెమెరా తీయించాను. నీడలో పట్టుకున్నా ఆ వెలుగుకు దాని తెర మీద ఏమీ కనిపించలేదు. "గిదేంది, నల్లగుంది? కాయితమే పంపు" అని వాళ్లే అడ్రసు రాసి డబ్బిచ్చారు. నా తీర్పు అక్కడే అయిపోయింది. పోస్టుకార్డంత ఫోటోకు అన్ని మెగాపిక్సెళ్లు దండగ. యాత్రికులు వాళ్లంతట వాళ్లే మీదికొస్తుంటే జూమ్ దండగ. పెద్ద తెరైతే బేరాన్నే చెడగొడుతోంది. పైగా దాని బ్యాటరీ మధ్యాహ్నానికే ఎర్రలైటు చూపించింది.

అడవిలో ఏరిన తునికిపండ్లు అమ్ముకునే ఒక కోయ ముసలమ్మ పొద్దుటి నుంచి మమ్మల్నే చూస్తోంది. మిగిలిన కాస్త ఛార్జింగుతో కొమురయ్య ఆమె ఫోటో తీసి, ఎండ పడకుండా తన తువ్వాలు ఆమె తల మీదుగా కప్పి తెర చూపించాడు. ఆమె తువ్వాలు అంచు పట్టుకుని తెర మీదికి వంగింది.

"మా అమ్మ నీకెట్ల దొరికింది?" అంది.

"అది నువ్వే అవ్వా."

"నేనా? అచ్చం మా అమ్మ లెక్కనే ఉన్న. ఇంకోపాలి చూపియ్యి."

బ్యాటరీ చచ్చేదాకా చూపిస్తూనే ఉన్నాడు. ఆమె దోసెడు పండ్లు అతని జేబులో పోసింది.

తిరుగు బస్సులో కొమురయ్య నోరు విప్పాడు. "అన్నా, పెద్దదే కొంట."

"పిచ్చి గానీ పట్టిందా? పొద్దున మూడు బేరాలు పోయినయ్ కదయ్యా!"

"ముప్పై ఏండ్లు చీకట్ల బొగ్గు తీసిన. నేను తీసిన బొగ్గు చూసి ఒక్కరన్న నవ్విండ్రా? బేరమంటవా, ముందుగాల అడ్రసు, పైసలు తీస్కుంట. అటెంకనే తెర చూపిస్త."

అంత చిన్న కిటుకు నాకు తట్టలేదు. ముప్పై ఏళ్లు పెట్టెలోని కాగితాలు చదివాను, పెట్టెను వాడే మనిషిని చదవలేదు. మర్నాడు అతను పన్నెండు వేలూ పెట్టి పెద్దదే కొన్నాడు.

మీరు కెమెరా కొనబోతుంటే ఒక్క మాట. కొట్టులో ట్యూబ్‌లైటు కింద చూసి కొనకండి. దాన్ని ఎండలోకి తెచ్చి, దారిన పోయే ఒకరిని అడిగి ఫోటో తీసి, వాళ్లకు తెర చూపించండి. ఆ సమయంలో మీరు మాత్రం వాళ్ల ముఖం చూడండి.