ఫ్లెక్సీ చాటు పాప

రాజాంలో బట్టల షాపు రంగనాథం ప్రతి ఆదివారం పొద్దున్నే కుటుంబంతో సైకిలు షికారుకి బయల్దేరతాడు. ముందు, బిగుతు బనీనులోంచి పొట్ట తన్నుకొస్తూ ఆయన. ఆయన సైకిలు వెనక తగిలించిన పిల్లల బండిలో రెండేళ్ల కూతురు ఆశ్రిత. ఆ వెనక ఇంకో సైకిలు మీద భార్య అనూరాధ. దారిపొడుగునా రంగనాథం గుట్కా ఉమ్ముతాడు. ఆ తుంపర్లన్నీ పిల్ల బండి మీదికే పోతాయి. గాలి కోసం బండికి పెట్టిన వలకిటికీలని మూసేస్తూ షాపు ఫ్లెక్సీలు కట్టించాడు: 'ఆశ్రిత శారీస్'.

మొన్న ధాన్యం లారీల పొగలో పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"ఏవండీ, పిల్లకి గాలాడతన్నట్టు లేదు. ఆ ఫ్లెక్సీ ఇప్పీండి," అంది అనూరాధ.

"బజారు మధ్యలో ఇప్పేస్తే పేరు జనానికెలాగ కనబడతాదే?" అన్నాడు, ఎదురొచ్చినవాళ్లకి చెయ్యూపుతూ.

కాసేపటికి ఏడుపు ఆగిపోయింది.

"సూసావా, అలవాటైపోనాది," అన్నాడు.

అనూరాధ ఆపించి బండి తెరిచింది. చెమటలో నానిపోయిన పిల్లని పైకి తియ్యగానే ఫ్లెక్సీ మీద భళ్ళున కక్కి మెడ వాల్చేసింది. తల్లి తడిసిన గౌను ఊడదీసి పడేసి, పిల్లని భుజానేసుకుని నీళ్ల కోసం టీ బడ్డీ వైపు పరిగెత్తింది. రంగనాథం వంగి ఆ గౌను తీసుకున్నాడు. దాంతో ఫ్లెక్సీ మీద కూతురి పేరుని మెరిసేదాకా తుడిచాడు.