మిరపకాయ క్రీముతో పెళ్లిచూపులు

పెళ్లిచూపుల్లో ఇటు తండ్రీ అటు తండ్రీ కలిసి భోరుమన్న ఇల్లు భీమవరం మొత్తానికి ఒక్కటే ఉంటుంది. అది మాదే. ఆ ఘనకార్యం చేసింది నేనే.

అప్పటికి షుగరు నా నరాల దాకా వచ్చేసింది. పగలు పాదాలు మొద్దుబారిపోయేవి, మంచమెక్కితే కుంపట్లయ్యేవి. డాక్టరుగారు ముందు షుగరు తగ్గించుకోమని కోప్పడి, మాత్రలు రాసి, ఒక క్రీము కూడా ఇచ్చారు.

“మిరపకాయ సారంతో చేసిందండి. పాదాలకు రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి.”

“మంటకి మిరపకాయేంటండీ?”

“మొదట మండుతుందండి. పోనుపోను ఆ నరమే నొప్పి చెప్పడం మానేస్తుంది.”

బుర్ర ఊపాను. అది ఊగినంత బాగా పనిచేయదని పాపం ఆయనకేం తెలుసు!

మా అమ్మాయి పెళ్లిచూపుల రోజు ఉదయం పాదాలకు ఆ క్రీమే పట్టిస్తున్నాను. మా ఆవిడ కేకేసింది.

“ఏవండీ, పెద్దాపురం వాళ్లు వచ్చేశారు!”

చేతులు తువ్వాలుకి తుడిచేసి పరుగెత్తాను. అబ్బాయి తండ్రి చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకుని, బోరింగు కొట్టినట్టు ఊపేశాను.

మా అమ్మాయి వచ్చి కూర్చుంది. నాకు చెమట పట్టి కన్ను నలుపుకున్నాను. అంతే! కంట్లో కొత్తావకాయ జాడీ బద్దలైంది. తెలివైనవాణ్ణి కదండీ, వెంటనే రెండో కన్ను కూడా నలిపాను.

ఆ ధారలు చూసి అబ్బాయి తల్లి కరిగిపోయింది.

“ఊరుకోండి అన్నయ్యగారూ! మీ అమ్మాయిని కళ్లలో పెట్టుకుని చూసుకుంటాం.”

“కళ్లలో వద్దమ్మా! మంట...”

“ఉంటుందండీ, కన్న కడుపు కదా!”

ఆవిడ భర్తకీ మనసు చెమర్చింది. నేను ఊపిన చేత్తోనే కళ్లు ఒత్తుకున్నాడు. మరుక్షణం “ఓరి నాయనో!” అంటూ కుర్చీలోంచి ఎగిరాడు.

మా ఆవిడకి అప్పుడు వెలిగింది. “ఆ క్రీము చేతుల్తోనే వచ్చేశారా?”

అబ్బాయి మాత్రం కంగారు పడలేదు. మా ఇద్దర్నీ కుళాయి దగ్గరకు నడిపించి, ముందు సబ్బుతో చేతులు కడిగించి, తర్వాత కళ్లలో నీళ్లు కొట్టించాడు. ఆపైన క్రీము ట్యూబు తెప్పించి చూశాడు.

“చేతులు కడుక్కోవాలని దీనిమీదే రాసుందండి.”

సంబంధం గోదాట్లో కలిసిందనుకున్నాను. కళ్లు తెరవకుండానే మా అమ్మాయిని అడిగాను.

“ఏమంటావే తల్లీ?”

“నాకిష్టమే నాన్నా. ట్యూబు మీద రాసింది చదివే మనిషి మనింట్లో ఒక్కరైనా ఉండాలి.”

వాచిన నా రెండు కళ్ల సాక్షిగా ఆ క్షణానే ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట పాదాలకు మందు రాసుకున్న రోజున ఎంతటి వియ్యంకుడు గుమ్మంలోకి వచ్చినా చెయ్యివ్వను. దూరం నుంచే దండం పెడతాను.