అద్దం గోడ

అమలాపురంలో వందేళ్ల నాటి ఆ మేడని ఆదివారాలు జనానికి చూపిస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ సుందరమ్మ కొడుకుని నిలవనివ్వలేదు. ఆ మేడ కట్టేటప్పుడు సుందరమ్మ వాళ్లమ్మ అక్కడ కూలికి వెళ్లింది. హాల్లో సున్నపు గోడని గులకరాయి పెట్టి నెల్లాళ్లు రుద్దితే, ఆఖర్న అందులో మనిషి ముఖం కనబడిందట. గృహప్రవేశం అయ్యాక మాత్రం ఆ కూలివాళ్లని అరుగు దాటి లోపలికి రానిస్తే ఒట్టు!

"మా అమ్మ ముఖం కనబడ్డ గోడలో నా ముఖం కూడా ఒక్కసారి చూసుకుంటాన్రా జోజీ."

జోజి పెయింటరు. రెండు నెలల కిందట ఆ గోడకి రంగు వేసింది తనే. నున్నటి గోడకి రంగు పట్టదని మేస్త్రీ అంటే, మూడు రోజులు ఎమరీ కాయితంతో గీకి గీకి, పైన మీగడ రంగు రెండు కోటింగులు వేసేడు. అమ్మ చెప్పే పాత కబుర్లు ఏనాడైనా చెవిన పెడితే కదా!

ఆదివారం చర్చి నుంచి అటే తీసుకెళ్లేడు. చెప్పేద్దామని దారంతా అనుకుంటూనే మేడ మెట్ల దాకా వచ్చేసేడు. సుందరమ్మ చెప్పులు మెట్ల దగ్గరే విడిచి లోపలికెళ్లి, గోడకి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. పెట్టుకుని మళ్లీ చూసింది.

"నన్ను కళ్లాసుపత్రికి తీసుకెళ్లరా నాన్నా," అంది చివరికి. "ఆపరేషన్ చేయించుకుని మళ్లీ వద్దాం."

"అలాగేనమ్మా," అన్నాడు జోజి.