మూడేళ్లుగా నాకు తెలుసు

పుష్పలీల బ్రిటన్ పౌరసత్వ పరీక్ష పాసయింది. నలభై ఆరేళ్ల వయసులో, అదీ కంప్యూటర్ ముందు కూర్చుని. బాపట్లలో పదో తరగతి లెక్కల్లో ఒకసారి తప్పిన మనిషి, బ్రిటన్ పార్లమెంటులో ఎవరి పనేమిటో, చట్టం ఎలా తయారవుతుందో గడగడా అప్పజెప్పగలిగిందంటే మాటలా. పాసయినట్టు కాగితం ఇచ్చిన అమ్మాయి వెల్‌డన్ అంది. ఆ కాగితం సంచిలో పెట్టుకుని బస్సెక్కాక, ఈ సంగతి ఎవరికి చెప్పాలా అని ఆలోచించింది. షెఫీల్డ్ సిటీ సెంటర్ నుంచి తన స్టాపు వచ్చేదాకా ఆలోచించింది. ఎవరూ తట్టలేదు.

ఆరేళ్లుగా ఆమె ముసలివాళ్లని చూసుకునే ఒక కేర్‌హోమ్‌లో పనిచేస్తోంది. డ్యూటీల పట్టీలో ఆమెకి ఎప్పుడూ రాత్రి డ్యూటీలే, రాత్రుళ్లు కావాలని ఎవరూ అడగరు కనుక. హోమ్‌లో ఎవరికి టీలో ఎంత పంచదారో, ఎవరికి ఏ మోకాలు నొప్పో ఆమెకి కంఠతా వచ్చు. ఒకరు పోతే గది కడిగి ఇంకొకర్ని తెస్తారు, మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాలి. ఊళ్లో అందరూ లేచే వేళకి ఆమె దుప్పటి కప్పుకుంటుంది. ఆదివారం చర్చికి పోదామని అలారం పెట్టుకుని, అది మోగితే నొక్కేసి పడుకున్న వారాలే ఎక్కువ.

పాస్‌పోర్టు మీద ఆమెకి పెద్ద మోజేం లేదు, ప్రయాణాలు చేసే తీరికా లేదు. అటు బాపట్లలో ఆమె కోసం తెరుచుకునే గుమ్మం లేదు. ఇటు చూస్తే వీసా మనిషి. భూమ్మీద ఏదో ఒకచోట ఈమె మా మనిషి అని రాసి ఉండాలి, అంతే ఆమె కోరిక. అందుకే మధ్యాహ్నం నిద్ర మానుకుని మరీ చదివింది. చదివినవాటిలో చట్టం గురించిన పేజీ ఆమెకి బాగా నచ్చింది. చట్టం కంటే ఎవరూ ఎక్కువ కాదట, రాజ్యమేలేవాళ్లయినా దానికి లోబడాల్సిందేనట. ఆ మాటలు బల్బు వెలుతురులో రెండుసార్లు పైకి చదువుకుంది.

తీరా పౌరసత్వం ఫారం నింపబోతే చివర్లో అసలు చిక్కు వచ్చిపడింది. ఇద్దరి సాక్షి సంతకాలు కావాలి. ఈమె మూడేళ్లకు తక్కువ కాకుండా నాకు స్వయంగా తెలుసు అని ఇద్దరూ రాయాలి, వాళ్లు చుట్టాలు కాకూడదు. ఒక సంతకం మందుల షాపు ఫార్మసిస్టు పెట్టాడు. హోమ్ మందుల కోసం ఆమె ఆరేళ్లుగా వారంవారం అతని షాపుకి వస్తున్న మనిషి కదా. రెండోది బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పెట్టాలి.

మేనేజరు మొన్న ఆగస్టులో వచ్చింది. తోటివాళ్లంతా పోలండు, జింబాబ్వే, ఫిలిప్పీన్స్ వాళ్లు, అందరిదీ తనలాగే వీసా బతుకు. నాలుగేళ్లుగా తను స్నానం చేయిస్తున్న ఒక పెద్దాయన సరే పెడతానన్నాడు. కానీ హోమ్‌లో ఉండేవాళ్లతో స్టాఫు ఏ కాగితం మీదా సంతకం పెట్టించుకోకూడదని రూల్. మేనేజరు ఆ మాట మెత్తగానే చెప్పింది. పుష్పలీలకి ఒళ్లు మండింది గానీ, మతి తప్పిన ముసలాళ్లని మోసం చేసేవాళ్ల నుంచి కాపాడే రూల్ అది, ఏమనగలదు?

అప్పుడు అమరేందర్ దగ్గరికి వెళ్లింది. కరీంనగర్ కుర్రాడు, సాఫ్ట్‌వేర్, పౌరసత్వం ఎప్పుడో వచ్చింది. న్యూకాసిల్ నుంచి వచ్చి ఎనిమిది నెలలే అయింది. ఇండియన్ షాపులో కరివేపాకు దగ్గర పరిచయం. భార్యాభర్తలిద్దరూ అక్కా అక్కా అంటారు. సంగతి వినగానే పెన్ను తీశాడు.

“మూడేండ్ల సంది ఎరుకేనని రాస్త, ఏమైతదక్కా? ఎవడొచ్చి అడుగుతడు?”

ఎవడూ అడగడు, ఆమెకీ తెలుసు. ఇరవై ఏళ్ల క్రితం ఆసుపత్రి ఉద్యోగానికి కాండక్ట్ సర్టిఫికెట్ కావాలంటే, ఎమ్మార్వో ఆఫీసు ముందు ఉదయం నుంచి నిలబడింది. ఆయన తల కూడా ఎత్తకుండా పచ్చసిరాతో సంతకం గీకేశాడు. ఈమె గత మూడేళ్లుగా నాకు తెలుసు, సత్ప్రవర్తన కలది అని అందులో ఉంది. ఆమె మొహం నల్లగా ఉందో తెల్లగా ఉందో ఆయనకి తెలియదు. ఆ కాగితంతోనే ఉద్యోగం వచ్చింది, ఎవరికీ తప్పనిపించలేదు. ఇప్పుడెందుకో చెయ్యి సాగలేదు. చట్టం భయం కొంత ఉంది. అంతకంటే ఎక్కువగా, తనని ఎరగని మనిషి ఎరుగుదునని రాస్తే ఆ కాగితంలో తను ఉండదు కదా అనిపించింది.

“వద్దు తమ్ముడూ. నిజంగా తెలిసినోళ్లు ఒక్కరైనా ఉండరా నాకు?” అని ఫారం తీసుకుని వచ్చేసింది.

ఉన్నారు, ఎందుకు లేరు. పక్కింటి ఆంటీ ఉంది, ఇక్కడే పుట్టిపెరిగిన ఇంగ్లీషావిడ. రెండిళ్లకీ గోడ ఒకటే. ఆవిడ దగ్గితే ఇటు వినిపిస్తుంది. ఐదేళ్లుగా పుష్పలీల డ్యూటీ నుంచి వస్తూ గుడ్‌మార్నింగ్ ఆంటీ అంటోంది, ఆవిడ చెయ్యి ఊపుతోంది. ప్రతి క్రిస్మస్‌కీ తను అరిసెలూ చక్కిలాలూ ప్లేటులో పెట్టి ఇస్తుంది. ఆవిడ ప్లేటు తళతళా కడిగి, పక్కింటివారికి అని రాసిన కార్డుతో పంపుతుంది. చూశావా, వెతుక్కుంటూ ఊరంతా తిరిగానని పుష్పలీల తనని తానే తిట్టుకుంది.

మర్నాడు తలుపు కొట్టింది. తెల్లజుట్టు ఆవిడ గొలుసు తీయకుండానే సందులోంచి చూసింది, గుర్తుపట్టి తీసింది. పుష్పలీల విషయం చెప్పి, మీ పేరుండాల్సిన చోటు ఇదీ అంటూ పెన్ను పట్టుకుని ఆగిపోయింది. ఆవిడ పేరు ఆమెకి తెలియదు. పెద్దవాళ్లని పేరేమిటని అడగడం మర్యాద కాదు, అందుకే ఆంటీ అంది, ఆంటీ అన్నాక ఇంకేం తెలుసుకోవాలనిపించలేదు. ఐదేళ్లు అలా గడిచిపోయాయి.

“డోరీన్,” అంది ఆవిడ. “మరి నీ పేరు?”

పుష్పలీల చెప్పింది. డోరీన్ కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ మొదలంటా చదివింది. చదివి మడిచి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

“ఇందులో నువ్వు నాకు స్వయంగా తెలుసని రాయాలి. నీ పేరు నేను ఇప్పుడే విన్నాను. ఎలా రాయను, చెప్పు?”

పుష్పలీలకి కోపం రాలేదు. రావడానికి చోటు లేదు. నిన్న అమరేందర్‌కి తను చెప్పిన జవాబే ఇవాళ తనకే తిరిగి వచ్చింది. ఫారం సంచిలో పెట్టుకుని మెట్టు దిగబోయింది. ఈ దేశంలో ఆమెని ఎరిగినవాళ్లు లేరని ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

డోరీన్ ఆమె మొహం చూసి లోపలికి రమ్మంది. ఐదేళ్లలో మొదటిసారి పుష్పలీల ఆ గోడకి అవతలి వైపు కూర్చుంది. డోరీన్ టీ కప్పులు తెచ్చింది.

“మూడేళ్లు ఇవాళ్టి నుంచి లెక్కేద్దాం. అప్పటికి నాకు ఎనభై నాలుగు. నేనుంటే సంతకం పెడతాను,” అంది నవ్వకుండా. తర్వాత మామూలుగా, మీ ఆయన ఎక్కడుంటారని అడిగింది.

జవాబు పుష్పలీల నోట్లో సిద్ధంగా ఉంది. ఆరేళ్లుగా హోమ్‌లోనూ, ఇండియన్ షాపులోనూ, అమరేందర్ భార్యకీ చెబుతున్న జవాబే. ఇండియాలో ఉన్నారంటే ఇంకెవరూ తవ్వరు, అయ్యో అనరు. ఆ మాట చెబుతున్నంతసేపూ ఆయన అక్కడ ఉన్నట్టే ఉంటుంది కూడా. కానీ ఎదురుగా ఉన్న ముసలావిడ, తెలియనిది తెలుసని రాయనన్న మనిషి. ఆవిడతో అబద్ధం మొదలుపెట్టబుద్ధి కాలేదు.

“పోయారు, ఆంటీ. నేనిక్కడికి రాకముందే. ఆయన పేరు జోనాథన్.”

డోరీన్ కప్పు కింద పెట్టింది. జోనాథన్ అని నెమ్మదిగా ఒకసారి పలికింది. ఆయన పేరు ఈ దేశంలో వేరే మనిషి నోట వినడం పుష్పలీలకి అదే మొదటిసారి.